చప్పుడు లేకుండా నేర్చిన సల్సా

కార్లో అనే ఊరు చూడ్డానికి ఎవరూ పనిగట్టుకుని వెళ్లరు. ఐర్లాండ్ వచ్చిన మనవాళ్లు డబ్లిన్ చూస్తారు, పడమటి సముద్రం అంచున కొండచరియలు చూస్తారు, వానలో తడిసి ఫోటోలు దిగి వెళ్లిపోతారు. నేను మాత్రం లెటర్‌కెన్నీ నుంచి, అంటే దేశం పైమూల నుంచి, కింద ఎక్కడో ఉన్న కార్లో దాకా రెండు రోజులు తీరిగ్గా కారు నడుపుకుంటూ వెళ్లొచ్చాను. వెంట మా ఆవిడ, దారిలో ఎక్కిన మా అమ్మాయి. ఎందుకయ్యా అంటే సల్సా చేయడానికి. నవ్వేవాళ్లు ఇక్కడే నవ్వేయండి, ముందు ముందు నవ్వడానికి ఇంకా చాలా ఉంది.

నాకు నలభై తొమ్మిదేళ్లు, మాది కరీంనగర్, చేసేది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. పెళ్లి బరాత్‌లో డప్పుల ముందు తీన్మార్ ఎగరడం తప్ప జన్మలో ఇంకో డాన్సు ఎరగను. కరోనా మొదటి ఏడాది ఇల్లు కదలకూడదన్నారు. మా జీపీ, అంటే ఇక్కడి ఇంటి డాక్టరు, ఫోన్‌లోనే నా రక్తపరీక్ష కాగితాలు చదివి, షుగర్ గీత మీద నిలబడి ఉన్నావు, ఒళ్లు కదిలించమన్నాడు. మా డోనెగల్ జిల్లాలో బయట నడుద్దామంటే వాన అడ్డంగా కురుస్తుంది. ఆఫీసులో ఒకామె ఒక లింకు పంపింది. కార్లోలో ఉండే యొలాండా అనే కొలంబియా ఆవిడ మంగళవారం, శనివారం పొద్దున పదకొండింటికి ఆన్‌లైన్‌లో సల్సా నేర్పుతుంది. కాలేజీ క్యాంటీన్‌లో పనిచేసేదట, క్యాంపస్ మూసేశాక ఇదే పనిగా పెట్టుకుంది.

వంటింట్లో ప్రెస్ మీద, ఇక్కడ అలమారాను అలాగే అంటారు, లాప్‌టాప్ నిలబెట్టి నేర్చుకున్నాను. కెమెరా పెట్టే ధైర్యం లేదు కాబట్టి ఆమెకు నేనొక నల్ల చదరాన్ని. సౌండ్ కూడా పెట్టలేదు. మా ఆవిడ పద్మజ ఆసుపత్రిలో డాక్టరు. ఆ ఏడాది ఎక్కువగా నైట్ డ్యూటీలే పడ్డాయి. పొద్దున వచ్చి స్నానం చేసి మేడ మీద వేరే గదిలో పడుకునేది. ఆ గది సరిగ్గా వంటింటి పైనే ఉంది. అందుకని సౌండ్ ఆపేసి, మేజోళ్లు వేసుకుని, యొలాండా కాళ్లు చూస్తూ అడుగులేశాను. లెక్క మనసులో వేసుకున్నాను. సల్సాకు ఒకటి రెండు మూడు అని మూడడుగులు, నాలుగో లెక్కకు ఆగడం. మా తీన్మార్‌లోనూ మూడు దెబ్బలే కదా, ఇదేదో మన పక్కింటి డాన్సే అని సంబరపడ్డాను. ఏడాది పైన నడిచిందీ వ్యవహారం.

జిల్లాలు దాటడానికి అనుమతి వచ్చి, పద్మజకు వారం సెలవు దొరికిన జూన్‌లో బయల్దేరాం. ఆమెకు మెయ్‌నూత్‌లో చదువుకుంటున్న మా అమ్మాయి స్నిగ్ధను చూడాలి. పిల్ల ఇంటికి వచ్చి పది నెలలు. వార్డు నుంచి ఏం మోసుకొస్తానో ఏమోనని పద్మజే క్రిస్మస్‌కి కూడా రావద్దంది. మెయ్‌నూత్ నుంచి కార్లో ఊరు గంటసేపే, పార్కులో యొలాండా మొదటి క్లాసు పెడుతోంది అని నేను మెల్లగా తోక తగిలించాను. పద్మజ నన్ను కాసేపు చూసి, "డాన్సా? గీ వయసుల?" అంది. వద్దనలేదు.

లిఫర్డ్ వంతెన

లెటర్‌కెన్నీ నుంచి అరగంటలో లిఫర్డ్. అక్కడ నది మీద వంతెన దాటితే ఇంకో దేశం, బ్రిటన్ కింద ఉన్న ఉత్తర ఐర్లాండ్. గేటూ లేదు, అడిగేవాడూ లేడు. దూరాల బోర్డులు కిలోమీటర్ల నుంచి మైళ్లకు మారతాయి, అంతే. వంతెన దాటగానే గడ్డి మీద అయిదు పెద్ద పెద్ద ఉక్కు బొమ్మలుంటాయి. ఒకడు ఫిడేలు, ఒకడు వేణువు, ఒకడు డోలు. మిగతా ఇద్దరూ నాట్యం చేస్తుంటారు. ఒకప్పుడు అక్కడే సైన్యం వాళ్ల చెక్‌పోస్టు ఉండేదని, తుపాకులు పట్టుకుని కార్లు ఆపేవారని మా పక్కింటి ముసలాయన చెబుతుంటాడు. ఎన్నోసార్లు ఆ దారిన వెళ్లినా ఆ బొమ్మల దగ్గర ఎప్పుడూ ఆగలేదు. ఈసారి ఆపి, దిగి, నాట్యం చేసే ఇద్దరి కాళ్లూ ఎటు ఉన్నాయో చూశాను. పద్మజ కారులోంచి దిగలేదు. అద్దం కొంచెం దించి, ఆ బొమ్మలు ముట్టుకోకు, అందరూ చేతులు పెడతారు అంది.

పదిహేను నెలలుగా మా ఇంట్లో మాటలు ఇలాగే ఉన్నాయి. దాన్ని ముట్టుకోకు, దీన్ని తుడువు, అది మూడు రోజులు బయట పెట్టు. నేను వెక్కిరించలేదు, వెక్కిరించే హక్కు నాకు లేదు. ఆమె వార్డులో చూసింది నేను చూడలేదు. ఇంటివాళ్లను లోపలికి రానివ్వని రోజుల్లో రెండు జతల గ్లోవ్స్ వేసుకుని ఎంతమంది చేతులు పట్టుకుని కూర్చుందో నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు. ఇంటికొచ్చాక మాత్రం ఎవరి చెయ్యీ పట్టుకోలేదు. రెండు డోసుల టీకా అయ్యాక మేడ మీది గదిలోంచి కిందికి దిగివచ్చింది గానీ, మంచానికి ఆ అంచున ఆమె, ఈ అంచున నేను. కప్పు టీ ఇస్తే బల్ల మీద పెట్టమనేది, తర్వాత తీసుకునేది.

మోనహన్‌లో మధ్యాహ్నం

మళ్లీ సరిహద్దు దాటి మోనహన్‌లోకి వచ్చేసరికి ఆకలి. ఇక్కడ పెట్రోలు బంకులోనే వంటలుంటాయి. చికెన్ ఫిల్లెట్ రోల్ అని, పొడుగాటి బ్రెడ్డులో వేయించిన చికెన్ కుక్కి ఇస్తారు. అయిదు యూరోల లోపే. ఈ దేశపు జాతీయ భోజనం ఏదని నన్నడిగితే బంగాళాదుంప అనను, ఇదే అంటాను. కౌంటరు వెనకామె మాస్కులోంచే నన్ను లవ్ అని పిలిచింది. కరీంనగర్‌లో టిఫిన్ సెంటరు ఆమె అలా పిలిస్తే ఊరంతా పంచాయితీ పెడుతుంది. ఇక్కడ అందరికీ అందరూ లవ్వే. రెండు రోల్స్‌లో కారం ఎక్కువ వేయమన్నాను. ఆమె మిరియాలపొడి డబ్బా రెండుసార్లు విదిలించి, జాగ్రత్త, మండుతుంది అని హెచ్చరించింది.

రోల్స్ కారు పైకప్పు మీద పెట్టి, పద్మజ పైకాగితాన్ని శానిటైజర్‌తో తుడిచింది. ఆరే దాకా నిలబడి చూశాం. అప్పుడు డిక్కీ తెరిస్తే అసలు ప్రమాదం బయటపడింది. స్నిగ్ధ కోసం తెచ్చిన మామిడికాయ తొక్కు సీసా మూత వదులై, నూనె కారి, పక్కన పెట్టిన నా కొత్త డాన్సు బూట్లను ముంచేసింది. అడుగున తోలు ఉన్న బూట్లు, ఇంటర్నెట్‌లో తెప్పించుకున్నవి, ఒక్కసారి కూడా నేల తాకలేదు. ఎర్రగా, ఆవపిండి వాసనతో మెరుస్తున్నాయి. పద్మజ చాలా రోజుల తర్వాత గట్టిగా నవ్వింది. ఆ నవ్వుకు బూట్లు పోతే పోయాయి అనిపించింది.

మెయ్‌నూత్, కాలువ గట్టు

మెయ్‌నూత్ ఒక విశ్వవిద్యాలయం చుట్టూ కట్టుకున్న ఊరు. ఆ ఏడాది పిల్లలంతా అద్దె గదుల్లో కూర్చుని తెరల మీద చదువుకున్నారు. స్నిగ్ధ కాలువ గట్టున కలుస్తానంది. మేం వెళ్లేసరికి బాతులకు ఓట్స్ వేస్తోంది. మమ్మల్ని చూసి సంచి కింద పడేసి పరిగెత్తుకొచ్చింది. ఆరేళ్లప్పుడు ఈ దేశానికి తెచ్చిన పిల్ల, ఇప్పుడు ఇరవై ఏళ్లు. జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది. చేతులు రెండూ చాచి వస్తోంది.

పద్మజ రెండడుగులు వెనక్కి వేసింది. అరచేయి ముందుకు చూపించి, ఆగు అన్నట్టు.

పిల్ల అక్కడే ఆగిపోయింది. చాచిన చేతుల్ని ఏం చేయాలో తెలియక ఒకదాన్నొకటి పట్టుకుంది. తర్వాత నవ్వేసి, "యు'ర్ గ్రాండ్, అమ్మా. నో బాదర్," అంది. మేం తెలుగులో మాట్లాడితే అది ఐరిష్ యాసలో ఇంగ్లిష్‌లో జవాబు చెబుతుంది, చిన్నప్పటి నుంచీ అంతే. గ్రాండ్ అంటే ఇక్కడ బాగానే ఉంది అని. కాలు విరిగినా గ్రాండే అంటారు, కాబట్టి ఆ మాటను నమ్మకూడదు.

కాలువ గట్టున ముగ్గురం ఒకరి వెనక ఒకరం నడిచాం, రెండేసి మీటర్ల దూరంలో. తెచ్చిన సర్వపిండి, మిగిలిన తొక్కు ఒక బెంచీ మీద పెట్టి, మేం పక్కకు జరిగితే పిల్ల వచ్చి తీసుకుంది. తింటూ కాలేజీ కబుర్లు చెప్పింది, గదిలో కలిసి ఉండే అమ్మాయి పెంచుతున్న పిల్లి గురించి చెప్పింది. పద్మజ అన్నీ అడిగింది, అన్నీ విన్నది, ఒక్కసారి కూడా పిల్ల కళ్లలోకి చూడలేదు. నాకు కోపం వచ్చిందంటే వచ్చింది. అప్పటి నియమాలు ఆమెకే బాగా తెలుసు. రెండు డోసులూ వేసుకున్న తల్లి, ఆరోగ్యంగా ఉన్న ఒక్క కూతుర్ని దగ్గరికి తీసుకోవచ్చు. ఆమే ఫోన్‌లో ఇతరులకు ఆ ముక్క చెప్పడం నేను విన్నాను.

గెస్ట్‌హౌస్ గదికి వచ్చాక అడగాల్సింది అడగకుండా సామాన్లు సర్దుతుంటే ఆమే అంది.

"నా కాళ్లే ఎనుకకు పొయినయ్. నేను పోలే."

సరేలే, రేపు కూడా ఉంటుంది కదా అన్నాను. రేపు కూడా కాళ్లు ఇలాగే చేస్తే, అంది ఆమె. ఎల్లుండి మేం తిరిగి వెళ్లిపోతాం, వెళ్లాక మళ్లీ వార్డు, మళ్లీ సెలవు ఎప్పుడో తెలియదు. పిల్లను ముట్టుకోకుండా తిరిగి వెళ్తే ఆ తర్వాత ముట్టుకోవడం ఇంకా కష్టమవుతుందని ఆమె భయం. ఆ మాట నాకు స్పష్టంగానే చెప్పింది.

యొలాండా పెరడు

మర్నాడు పొద్దున స్నిగ్ధను కారు వెనక సీట్లో, అద్దాలు నాలుగూ దించి, కూర్చోబెట్టుకుని కార్లో ఊరు చేరాం. చల్లగాలికి ముగ్గురికీ ముక్కులు ఎర్రబడ్డాయి. యొలాండా ముందే చెప్పింది, క్లాసు సాయంత్రం నాలుక్కి, భోజనం నా ఇంట్లో, బయట పెరట్లో, కాదంటే క్లాసుకు రానివ్వను అని.

తెర మీద చూసి ఎత్తుగా ఉంటుందనుకున్నాను. నా భుజం దాకా వస్తుంది. యాభై అయిదేళ్లుంటాయి. నన్ను పైనుంచి కింది దాకా చూసి, ఆ నల్ల చదరం నువ్వేనా, నేను డెబ్భై ఏళ్ల ముసలామె అనుకున్నాను, సిగ్గుతో కెమెరా పెట్టదనుకున్నాను అంది.

పెట్టిన భోజనం చూసి మాకు మతిపోయింది. పచ్చి అరటికాయ ముక్కలు వేయించి, బండతో నొక్కి చదును చేసి, మళ్లీ వేయించినవి. వాటిలోకి పచ్చిమిర్చి, కొత్తిమీర, ఉల్లికాడలు, నిమ్మరసం కలిపిన ఒక నీళ్ల పచ్చడి. తాగడానికి బెల్లం కలిపి నిమ్మకాయ పిండిన నీళ్లు. పద్మజ ఒక గుక్క తాగి, గిది మన పానకమే గదా అంది. మిరియాలూ యాలకులూ లేవు, మిగతాదంతా అదే. మేం ఇంకో సీసాలో తెచ్చిన మామిడికాయ తొక్కు ఇస్తే యొలాండా వేలితో తీసి నాకి, కళ్లు మూసుకుని, స్పానిష్‌లో ఏదో అంది. తిట్టో పొగడ్తో తెలియదు గానీ సీసా లోపల పెట్టేసుకుంది. నా బూట్ల కథ విని, కాలీలో దుమ్ములో చెప్పుల్లేకుండా నేర్చుకున్నాం, నీకెందుకు బూట్లు అంది.

కాలీ ఆమె పుట్టిన ఊరు, కొలంబియాలో. చుట్టూ చెరకు తోటలు. మా బోధన్ వైపు ఉన్నట్టే అన్నాను. వాళ్ల నాన్న చెరకు నరికేవాడు, అమ్మ ఊళ్లో పెద్దవాళ్ల క్లబ్బులో వంట చేసేది. సల్సా గురించి చెప్పమంటే ఆమె చెరకు దగ్గరే మొదలుపెట్టింది. చెరకు కోసమే ఆఫ్రికా నుంచి మనుషుల్ని ఓడల్లో కుక్కి క్యూబా తెచ్చారు. వాళ్లు డోళ్లు వాయిస్తే దొరలకు భయం. వాటి మీద ఆంక్షలు పెట్టారు. డోలు లేకపోతే సరుకులొచ్చిన చెక్కపెట్టెల మీద వాయించారు. రేవులో ఓడ పలకల్ని బిగించే కొయ్య మేకులుంటాయి, వాటిని రెండు తీసుకుని ఒకదానికొకటి కొట్టి తాళం వేశారట. లోపలికి వెళ్లి అలాంటి జత కొయ్యలు తెచ్చి చూపించింది. మన చిడతల్లో గజ్జెలు తీసేస్తే ఎలా ఉంటాయో అలా ఉన్నాయి. ఆ తాళం మీదికి స్పెయిన్ వాళ్ల గిటార్ వచ్చి చేరింది. తర్వాత క్యూబా నుంచీ, పోర్టో రికో నుంచీ పొట్టకూటికి న్యూయార్క్ వెళ్లిన జనం, ఇరుకు గదుల్లో, చలిలో, ఆ పాటల్ని ఇంకా రకరకాల వాటితో కలిపేశారు. కలిపిన దానికే సల్సా అని పేరు. వాళ్ల భాషలో ఆ మాటకు అర్థం నేను అప్పుడు తింటున్న పచ్చడి లాంటిదే.

కాలీకి అది ఓడల వాళ్లు తెచ్చిన రికార్డుల్లో వచ్చింది. పాట నిదానంగా ఉందని కాలీ కుర్రకారు రికార్డును కావాలని వేగంగా తిప్పేవాళ్లట. అందుకే మా ఊరి వాళ్ల కాళ్లకు అంత తొందర అంది. ఇదంతా చెబుతున్నప్పుడు ఆమె గొంతు పాఠం చెప్పినట్టు లేదు, మేనమామ ఇంటి సంగతులు చెప్పినట్టుంది.

క్లబ్బులో మాత్రం ఆ పాట పెట్టనిచ్చేవాళ్లు కాదట. అది చెరకు కూలీల గోల అని. వాళ్లమ్మ వంటింటి వెనక గుమ్మంలో కూర్చుని గిన్నె మీద గరిటెతో తాళం వేసేదట. ఇరవై ఏళ్లు గడిచాక అదే క్లబ్బులో అవే పాటలకు పెద్దవాళ్లంతా ఊగారు, మా అమ్మను మాత్రం లోపలికి పిలవలేదు అంది యొలాండా.

నాకు మా వీధి పెళ్లిళ్లు గుర్తొచ్చాయి. డప్పులు లేకుండా బరాత్ కదిలేది కాదు. ఆ దెబ్బకు వంటిమీద స్పృహ లేకుండా ఎగిరేవాళ్లం. అన్నాల వేళకు మాత్రం డప్పు కొట్టినవాళ్ల విస్తళ్లు పందిరి బయట, మావి లోపల. చిన్నప్పుడు అది తప్పనిపించలేదు. కార్లోలో ఆమె పెట్టిన అన్నం తింటూ ఆ సంగతి చెప్పడానికి సిగ్గేసింది, అయినా చెప్పాను. యొలాండా ఓదార్చలేదు, తిట్టలేదు. వాళ్ల పేర్లు గుర్తున్నాయా అని అడిగింది. ఒక్కడి పేరు గుర్తుంది. నర్సయ్య. ఆ పేరు ఆమె రెండుసార్లు పలికి చూసుకుంది.

బారో ఒడ్డున

పార్కు బారో నది పక్కనే. పన్నెండు మందిమి ఉన్నాం. రిటైరైన బస్సు డ్రైవరు పాట్రిక్, అతని భార్య, ఇద్దరు బ్రెజిల్ విద్యార్థులు, ఇంకా అలాంటివాళ్లు. యొలాండా నియమం ఏమిటంటే ఒకే ఇంటివాళ్లు చేతులు పట్టుకోవచ్చు. మిగతావాళ్లకు బట్టలారేసే తాడు రెండు మీటర్ల ముక్కలుగా కోసి పెట్టింది. చెరో కొసా పట్టుకుని ఆడాలి. ఎండ కాసింది. ఐర్లాండ్‌లో ఎండ కాస్తే మనుషులు చొక్కాలు విప్పేసి గడ్డి మీద పడుకుంటారు, మన దగ్గర వాన పడితే పిల్లలు తడిసినట్టు. పార్కంతా అలా ఉంది. ఏడాది తర్వాత గదుల్లోంచి వదిలిపెట్టిన జనం. ఎవరి మొహం చూసినా హమ్మయ్య అన్నట్టే ఉంది.

పద్మజ డాన్సు చేయనంటుందనుకున్నాను. చేస్తాను, తాడు ఇయ్యి అంది. మీరిద్దరూ ఒకే ఇంటివాళ్లు కాదా అని యొలాండా కనుబొమ్మలెత్తింది గానీ, పద్మజ చేతుల్ని చూసి ఒక ముక్క ఇచ్చింది. పెళ్లై ఇరవై మూడేళ్లు. బట్టల తాడుకు ఆ కొసన ఆమె, ఈ కొసన నేను. స్నిగ్ధ బెంచీ మీద కూర్చుని ఫోన్‌లో తీస్తూ, "డాడ్, దిస్ ఈజ్ మోర్టిఫైయింగ్," అంది, పరువు పోతోంది అన్నట్టు.

యొలాండా పది నిమిషాలు పద్మజకు ఆడవాళ్ల అడుగులు చూపించింది. స్పీకర్ పెట్టింది. ఏడాది పైగా నేర్చిన నాట్యానికి సంగీతం ఎలా ఉంటుందో అప్పుడే మొదటిసారి వింటున్నాను. అంత గోలగా, అంత సంతోషంగా ఉంటుందని నాకెవరూ చెప్పలేదు. ఒకటి అనగానే నేను కుడికాలు వెనక్కి వేశాను. పద్మజా వెనక్కే వేసింది. తాడు బిగుసుకుని ఆమె చేతిలోంచి ఎగిరిపోయింది. మళ్లీ మొదలుపెట్టాం. మళ్లీ ఇద్దరం వెనక్కే. పైగా ఆగాల్సిన నాలుగో లెక్కకు నా భుజం దానంతటదే ఎగిరింది, బరాత్‌లో ఎగిరినట్టు. పాట్రిక్ తన అడుగు ఆపి మరీ చూశాడు.

యొలాండా పాట ఆపేసింది. నావి ఆడవాళ్ల అడుగులంది. ఎవరు నేర్పారంది. మీరే అన్నాను. ప్రతి క్లాసు మొదట్లో చెబుతాను కదా, మగవాళ్లు నాకు ఎదురుగా వేయాలి, నేను వెనక్కి వేస్తే మీరు ముందుకు అని, ఒక్కసారి కూడా వినలేదా అంది. వినలేదన్నాను. సౌండ్ పెట్టలేదని ఒప్పుకోక తప్పలేదు. ఆమెకు నమ్మకం కలగలేదు. సంగీతం లేకుండా సల్సా ఎవడైనా నేర్చుకుంటాడా, ఎందుకు అని అడిగింది. పైన ఈమె నిద్రపోతుండేది, లేస్తుందేమోనని అన్నాను.

పద్మజ తాడు చుట్ట చుడుతున్నదల్లా ఆగింది.

"ఏడాదంత సౌండ్ లేకుండనే ఎగిరినవా?"

"నువ్వు పండుకున్నవ్ గదా."

ఆమె తాడును చూస్తూ నిలబడింది.

యొలాండాకు ఇలాంటి వాటి మీద కాలయాపన ఇష్టం లేదు. ఇతనికి వెనక్కి పోవడమే వచ్చు, ఇప్పుడు మార్చలేం, కాబట్టి డాక్టరుగారూ మీరే నడిపించాలి అంది. నడిపించేవాళ్ల మొదటి అడుగు ముందుకు. ఆ తాడు ఇక పనికిరాదు. తాడుతో లాగొచ్చు గానీ నెట్టలేం. ముందుకు వచ్చే మనిషి ఎదుటివాళ్ల వీపు మీద చెయ్యి వేయాలి, లేకపోతే ఎటు పోవాలో అతనికి తెలియదు. ఇలా చెప్పి తాడు తీసుకుని వెళ్లిపోయింది.

పద్మజ కాసేపు నా చొక్కాను చూసింది. చేతులు ప్యాంటుకు తుడుచుకుంది. శానిటైజర్ కోసం జేబు తడుముతుందేమో అనుకున్నాను, తడమలేదు. కుడిచెయ్యి నా వీపు మీద వేసింది. ఎడమచేత్తో నా చెయ్యి పట్టుకుంది. పదిహేను నెలలు రోజుకు యాభైసార్లు కడిగిన అరచెయ్యి, కొబ్బరిపీచులా ఉంది. ఆ చెయ్యి నా భార్యదని నా చేతికి తెలియలేదు. నాకు ఏడుపొచ్చింది. దాచుకోవడానికి పాట్రిక్ వైపు చూశాను, అతను మర్యాదగా నది వైపు తిరిగాడు.

పాట మొదలైంది. ఆమె ఎడమకాలు ముందుకు వేసింది, నేను వెనక్కి జరిగాను. తర్వాత ఆమె వెనక్కి, నేను ముందుకు. నా కాలు రెండుసార్లు తొక్కింది. ఆగాల్సిన చోట నా భుజం ఎగరబోతే వీపు మీద చేత్తో గట్టిగా నొక్కి ఆపింది. యొలాండా కొయ్యలు కొడుతూ మా చుట్టూ తిరిగింది, బాగుందనలేదు, బాగాలేదనీ అనలేదు. రెండో పాట సగానికి వచ్చేసరికి పద్మజ కింద చూడడం మానేసింది.

అప్పుడు యొలాండా జతలు మార్చుకోమని కేక వేసింది, ఎవరింట్లో వాళ్లే సుమా అని.

స్నిగ్ధ ఫోన్ జేబులో పెట్టి లేచింది. వస్తూ వస్తూ గడ్డి మీద పడి ఉన్న ఇంకో తాడు ముక్క తీసుకుంది. ఆ కొస తను పట్టుకుని, ఈ కొస అమ్మకు అందేలా చాచింది. అంత దూరంలోనే నిలబడింది, నిన్న నేర్చుకున్న దూరంలో. "హియర్, అమ్మా. ఐ గాట్ యూ ద రోప్," అంది.

పద్మజ నా వీపు మీది చెయ్యి తీసేసింది. తాడు కొసను చూసింది, అందుకోలేదు. ఎడమకాలు ముందుకు వేసింది. తర్వాత కుడికాలు, మళ్లీ ఎడమకాలు. నాలుగో లెక్కకు ఆగాలి. ఆగలేదు.

పిల్ల మొహం వాళ్లమ్మ భుజంలో కనిపించకుండా పోయింది. తాడు ఇంకా దాని చేతిలోనే వేలాడుతోంది. పద్మజ దాని పొట్టి జుట్టులో వేళ్లు పెట్టి, ఎవరు కోసిండ్రే గిట్ల, ఎవరు కోసిండ్రు అని అడుగుతోంది. అది వెక్కుతూ ఏదో చెబుతోంది, ఏ భాషో నాకు వినపడలేదు.

క్లాసులో ఎవరు ఆగినా ఊరుకోని యొలాండా వాళ్లను తప్పించుకుని పక్కనుంచి వెళ్లింది. నేను ఒక్కణ్నే ఆడవాళ్ల అడుగులు వేస్తూ ఉన్నాను. పాట అయిపోయింది. యొలాండా ఇంకోటి పెట్టింది. అదీ అయిపోవచ్చింది. వాళ్లిద్దరూ ఇంకా మొదలుపెట్టలేదు.